పలకని ద్వారం

జూన్ 3, మంగళవారం

నీ ఇంట్లోకి ఏమేం వస్తోందో నీకు తెలుసా? తలుపు గడియ పెట్టావు, కిటికీ మూశావు, సరే. గోడలోంచి లోపలికి వచ్చిన ఆ సన్నటి తీగ సంగతేమిటి? దానికి కాపలా ఎవరు?

ఆదివారం ప్రసంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈరోజు సురేందర్ వచ్చి ఫైబర్ కనెక్షన్ బిగించాడు. పాతదానికి దీనికి పోలికే లేదు. వాళ్ళ కంపెనీ రూటర్ కూడా పెట్టబోతే ఆపాను. నా రూటర్ నేనే కట్టుకుంటున్నానని చెప్పి, మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ పెట్టె చూపించాను. దాంట్లో ఇంకో లాన్ కార్డు గుచ్చాను. ఒక తీగ లోకం వైపు, ఒక తీగ ఇంటి వైపు. మధ్యలో నేను రాసిన నియమాలు. నియమం ఒప్పుకుంటేనే ఏదైనా లోపలికి వస్తుంది, బయటికి పోతుంది.

"ఏందన్నా, అరచేతంత డబ్బా చేసే పనికి గింత పెద్ద పెట్టెనా? పెండ్లి బువ్వ వండే గంజు లెక్కుంది" అన్నాడు సురేందర్.

"నీ డబ్బాకు నేను చెప్పింది వినే చెవి లేదురా. దీనికుంది."

"ఊకో అన్నా. ఇంట్ల వదినెనే ఇనదంటవ్, ఇదేమింటది!"

సుందరమ్మ వంటింట్లోంచే అందుకుంది. "నాకు రెండు చెవులున్నయి సురేందరూ. మీ అన్నకే లేవు, నోరొక్కటే ఉంది. అది మైకుల పెట్టుకొని తిరుగుతడు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. దేవుని పనిని ఇంట్లోవాళ్ళే తేలిక చేస్తే ఎట్లా?

నేను బైబిల్ వాక్యం నేర్చుకున్నదీ ఇట్లాగే. ఏ పాస్టర్ల కాలేజీ గడపా తొక్కలేదు. సూర్యాపేటలో ఈ మైక్‌సెట్ షాపులో, స్పీకర్ల మధ్య కూర్చొని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. చదివించినవాడు దేవుడే. రూటర్ కూడా ఆయనే కట్టిస్తాడు.

జూన్ 5

నెట్ లేదు. పొద్దుటి నుంచి పెట్టె ముందే ఉన్నాను. ప్రార్థన చేశాను. లేదు.

జూన్ 6

వచ్చింది! ఫైబర్ తీగ కొసన కంపెనీ వాళ్ళు గోడకు బిగించిన చిన్న డబ్బా కూడా రూటర్‌లాగే పెత్తనం చేస్తోంది. దాని పెత్తనం తీసేసి, ఊరికే వంతెనలా వచ్చింది వచ్చినట్టు అందించేటట్టు మార్చమని సురేందర్‌తో చెప్పి మార్పించాను. ఒకడు ఇద్దరు యజమానులకు సేవ చేయలేడని వాక్యం ఎప్పుడో చెప్పింది. నాకు తట్టడానికే రెండు రోజులు పట్టింది.

జూన్ 8, ఆదివారం

ఆరాధన లైవ్ మొదటిసారి నదిలా పారింది. కోదాడలో చంద్రమ్మ ఇంట్లో చేరినవాళ్ళు, మిర్యాలగూడ వాళ్ళు, నడిగూడెంలో ఎల్లయ్య వాళ్ళ కుటుంబం, అందరూ విన్నారు. కోదాడలో మాత్రం బొమ్మ ఆగి ఆగి వచ్చిందట. దాని సంగతి చూడాలి.

ఆసా రాజును తీసుకున్నాను. పాదాలకు జబ్బు చేస్తే దేవుణ్ణి వెతకకుండా వైద్యుల్ని వెతికిన రాజు. ఏమైంది? చచ్చాడు! నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ విశ్వాసం ఎక్కడుంది? గుండెలో ఉందా, మాత్రల డబ్బాలో ఉందా?" అని అడిగాను.

ముగియగానే ఎల్లయ్య నడిగూడెం నుంచి లైవ్‌లోనే, నా తెర మీద కనిపిస్తూ, సాక్ష్యం చెప్పాడు. బీపీ మాత్రలు తీసుకెళ్ళి పెంటకుప్పలో పారేశాడట. ఆయనకే మహిమ! వెంటనే చంద్రమ్మ కూడా చెప్పింది: "అయ్యగారూ, నేనూ సుగర్ మాత్రలు మానేశానండీ. నా కాలు ఆయనే చూసుకుంటాడు."

కన్నీళ్ళు వచ్చాయి. నా మాటకు ఇంత బలం ఇచ్చాడు.

జూన్ 10

మిర్యాలగూడ నుంచి కృప ఫోన్ చేసింది. వందనాలు లేవు, బాగున్నావా లేదు.

"నాయినా, కోదాడ పెద్దమ్మకు ఏం చెప్పినవ్?"

"వాక్యం చెప్పిన."

"నేను రోజూ పొద్దుగాల డ్యూటీకి పోయే ముందల వీడియో కాల్‌ల ఆమె కాలు సూస్తున్న. పుండు మానుతుండె. నిన్న మాత్ర ఏసుకున్నవా అంటే, 'ఇంక అక్కర్లేదు పాపా, అయ్యగారు చెప్పారు' అంటది. వాక్యంల సుగర్ మాత్రలు ఎయ్యొద్దని ఉందా?"

"ఆసా రాజు..."

"ఆసా రాజుకు మాత్రలిచ్చిన నర్సు లేకుండె నాయినా. పెద్దమ్మకు నేనున్న."

దవాఖానలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చేసరికి కన్నతండ్రికి పాఠం చెప్పే పొగరు వచ్చింది. ఆ మాటే అన్నాను. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"నువ్వు హిజ్కియా రాజు కథ ఎన్నిమాట్ల చెప్పలే? రోగంల పడ్డడు, ఏడ్సిండు, దేవుడు ఆయుష్షు పెంచిండు, ఆమెన్. అంతే. ఎప్పుడు చెప్పినా ఆరో వచనం కాడ పుస్తకం మూస్తవ్. ఏడోది ఎన్నడన్న సదివినవా? సదువు. నీ మాటకు మైకుంది, నా మాటకు లేదు. గంతే తేడా."

నేనే పెట్టేశాను.

జూన్ 11

కోదాడ వెళ్ళి చంద్రమ్మ ఇంట్లో చిన్న పెట్టె ఒకటి బిగించి వచ్చాను. ఇక ఆ ఇంటి నెట్ అంతా నా ఇంటి రూటర్ మీదుగానే పోతుంది, వస్తుంది. ఆరాధన సూటిగా అందుతుంది. చెడ్డది ఏదీ చొరబడదు. ఆ ఇంటికీ ఇప్పుడు నేనే ద్వారపాలకుణ్ణి.

"ఇంక ఫోనుకి రీఛార్జ్ ఎందుకు అయ్యగారూ? అది మొన్ననే అయిపోయింది. ఇంట్లో ఈ వైఫై చాలు, పాప బొమ్మ కనపడితే చాలు" అంది చంద్రమ్మ. పాప అంటే కృప. చదువుకునే రోజుల్లో దాన్ని ఆమే తన ఇంట్లో ఉంచుకొని వండిపెట్టింది. నాట్లకు పోయి వచ్చి కూడా దానికి వేడివేడిగా వడ్డించేది. ఆమెకు అక్షరం రాదు. ఫోన్లో బొమ్మ నొక్కితే కృప కనిపించేటట్టు అదే నేర్పింది.

కాలికి తెల్లగుడ్డ కట్టుకొని ఉంది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. కాలు చూడలేదు. చూడమని ఆమె అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

ఫైర్‌వాల్ గురించి, అంటే రూటర్‌లో కాపలా కాసే నియమాల గురించి, చాలా నేర్చుకున్నాను. రానివ్వదలచుకోని దాన్ని ఆపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి రిజెక్ట్. తట్టినవాడికి "లేదు, వెళ్ళు" అని రూటర్ జవాబిస్తుంది. రెండోది డ్రాప్. జవాబే ఇవ్వదు. తట్టినవాడు తడుతూనే ఉంటాడు. అవతల మనిషి ఉన్నాడో లేడో, విన్నాడో లేదో వాడికి తెలియదు. నేను నెట్‌లో చూసి నేర్చుకున్న వీడియోలో ఆయన డ్రాపే మంచిదన్నాడు. పలికితేనే కదా దొంగకు ఇక్కడో ఇల్లుందని తెలిసేది.

ఆరాధన దారి ఒక్కటి వదిలి, కోదాడ పెట్టె నుంచి వీడియో కాల్స్ వెళ్ళే మిగతా దార్లన్నిటికీ డ్రాప్ పెట్టాను. ఆరాధన బొమ్మ ఆగకుండా రావాలంటే మిగతా బరువు తగ్గాలి. కారణం అదొక్కటే.

ఆదివారానికి మాత్రమే పెడదామనుకున్నాను. ఏ రోజుల్లో పనిచేయాలో రాయడానికి అక్కడ ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే అన్ని రోజులూ పనిచేస్తుంది.

ఖాళీగా వదిలేశాను.

జూన్ 15, ఆదివారం

కోదాడలో బొమ్మ అద్దంలా వచ్చిందట. ఆయనకే స్తోత్రం. పెట్టింది మంచిదే అయింది.

జూన్ 17

అన్నం వడ్డిస్తూ సుందరమ్మ అడిగింది. "బిడ్డ ఫోన్ జేసింది. చంద్రమ్మక్క ఎత్తుతలేదంట. వీడియో జేస్తే తిరుగుతనే ఉంటదంట, మామూలు ఫోన్ పోదంట. నువ్వు అక్కకేమన్న జెప్పినవా, బిడ్డతోటి మాట్లాడొద్దని?"

"నేను ఒక్క మాట కూడా చెప్పలేదు."

"నా మొకం సూసి చెప్పు."

"చెప్పలేదంటున్న కదా!"

"చెప్పకుంటే మంచిదే. బిడ్డకు లీవిస్తలేరంట, లేకుంటే కోదాడకు పోయి సూసొచ్చేది. నేనన్న పోయొస్తనయ్యా."

"ఆదివారం అయినంక పోదువు. పాటల పుస్తకాలకు అట్టలెయ్యాలె."

అబద్ధం కాదు. చంద్రమ్మకు నేను ఒక్క మాటా చెప్పలేదు. కృపకూ చెప్పలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

జూన్ 19

ఏడో వచనం చదవలేదు. తీరిక లేదు.

జూన్ 20

షాపులో గిరాకీ. చదవలేదు. చిన్నపిల్ల చెబితే తెరవడమేమిటి? నాకు తోచినప్పుడు నేనే తెరుస్తాను.

జూన్ 22, ఆదివారం

ఈరోజు సౌలు రాజు. దేవుడు అతనికి వేసిన శిక్షల్లో పెద్దది ఏది? యుద్ధమా? ఓటమా? కాదు. సౌలు అడిగాడు, దేవుడు పలకలేదు. కలలో పలకలేదు, ప్రవక్తల నోట పలకలేదు. పలకకపోవడం కన్నా పెద్ద శిక్ష లేదని గొంతు చించుకొని చెప్పాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఏడ్చారు.

కోదాడ బొమ్మలో చంద్రమ్మ కనిపించలేదు. పక్కింటి కవితను అడిగితే, "పెద్దమ్మకి జ్వరం అయ్యగారూ, లోపల పడుకుంది" అంది. మైకులోనే జ్వరాన్ని గద్దించాను.

 

జూన్ 24, మంగళవారం

మిర్యాలగూడలో, దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పొద్దున కవిత ఫోన్ చేసింది. "అయ్యగారూ, మీరు పెట్టిన నెట్ బాలేదండీ. పెద్దమ్మ ఫోను తిరుగుతానే ఉంటంది. ఒకసారి వచ్చి చూడండి. పెద్దమ్మని కూడా." రూటర్ మరమ్మతుకనే బయలుదేరాను. స్క్రూ డ్రైవర్ జేబులో పెట్టుకున్నాను. సుందరమ్మ అడగకుండానే వచ్చి బండెక్కింది.

గడపలోనే వాసన వచ్చింది. సుందరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. నేను రుమాలు తీశాను.

చంద్రమ్మ మంచం మీద కూర్చొని ఉంది. కాలికి గుడ్డ లేదు. ఫోను రెండు చేతులతో పట్టుకొని కాలి వైపు తిప్పి పెట్టుకుంది. ఫొటో దిగేవాళ్ళలా కదలకుండా. వేళ్ళు నల్లగా ఉన్నాయి. తెరమీద గుండ్రం తిరుగుతోంది.

"వందనాలు అయ్యగారూ. లేవలేకపోతున్నా, ఏమనుకోవద్దు."

"ఏంజేస్తున్నవక్కా?" సుందరమ్మ అడిగింది.

"పాపకి కాలు చూపిస్తన్నా. రోజూ పొద్దున్నే విప్పి చూపిస్తా. మొదట్లో నేనే వద్దన్నానుగా, దానికి కోపం వచ్చినట్టుంది. కాలు నల్లబడ్డ కాడ్నించి నాకు భయమేసింది సుందరా. మాత్రలు మళ్ళీ వేసుకోమంటావా అని పాపని అడుగుదామని. అయ్యగారిని అడిగితే విశ్వాసం లేదనుకుంటారేమోనని..." నా వైపు చూసి ఆపేసింది.

"పక్కింట్ల కవిత ఫోన్‌లకెళ్ళి చెయ్యకపోతివా?"

"కలవదని వస్తే అట్టాగే చేసేదాన్ని. కలవదని రాదుగా! తిరుగుతానే ఉంటది. తిరుగుతా ఉంటే ఇప్పుడు ఎత్తుద్దేమో, ఇంకాసేపటికి ఎత్తుద్దేమో అని కూచుంటా. డ్యూటీలో ఉందేమోలే అనుకుంటా."

రిజెక్ట్ పెట్టి ఉంటే ఆమెకు కలవదని తెలిసేది. పక్కింటి గడప ఎక్కేది. కృప ఆమె కాలు చూసేది. నేను డ్రాప్ పెట్టాను. ఆమె ప్రశ్న రోజూ పొద్దున్నే కోదాడలో బయలుదేరి సూర్యాపేటలో నా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. నేను కట్టిన పెట్టె దాన్ని మింగింది. లేదనలేదు, కాదనలేదు.

స్క్రూ డ్రైవర్ తొడకు గుచ్చుకుంటోంది. నేను కదల్లేదు. సుందరమ్మే కదిలింది. కవితను పంపి కారు మాట్లాడించింది, చంద్రమ్మ చీర మార్చి కాలికి గుడ్డ చుట్టింది, కవిత ఫోన్లోంచి కృపకు చెప్పింది. కారు ఎక్కించేటప్పుడు మాత్రం నా వైపు తిరిగి, "ఆ కాలు పట్టుకో" అంది. పట్టుకున్నాను. మిర్యాలగూడ వచ్చేదాకా నా ఒళ్ళోనే ఉంది. నిప్పులా కాలిపోతోంది.

దారిలో చంద్రమ్మ, "అయ్యగారూ, దవాఖానకు పోతే దేవుడు ఏమీ అనుకోడుగా?" అని అడిగింది. నేను కారు కిటికీలోంచి బయటికి చూశాను. సుందరమ్మ, "పలుకయ్యా" అంది.

"అనుకోడమ్మా" అన్నాను.

కృప గేటు దగ్గరే స్ట్రెచర్‌తో నిలబడి ఉంది. నన్ను చూడలేదు. గుడ్డ విప్పి, కాలు చూసి, "పెద్దమ్మా, నేనొచ్చిన" అంది. అంతే. లోపలికి తీసుకుపోయారు. వేళ్ళు పోతాయి. పాదం నిలుస్తుందో లేదో ఆపరేషన్ చేస్తే గాని చెప్పలేమన్నారు. ప్రాణం గురించి అడిగితే డాక్టరమ్మ, "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని ఎదురు అడిగింది.

సాయంత్రం కృప వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. చెప్పాను. రూటర్, నియమం, ఖాళీగా వదిలేసిన గడి, అన్నీ.

"నేను పెద్దమ్మనే ఎత్తుతలేదనుకున్న నాయినా. పెద్దమ్మ నేను ఎత్తుతలేననుకున్నది. మేమిద్దరం ఒకరి మీద ఒకరం అలిగి కూసున్నం."

తిడుతుందని కాచుకొని కూర్చున్నాను. తిట్టలేదు. లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నడిగూడెం ఎల్లయ్య మామ బీపీ మాత్రలు ఏసుకుంటుండా?"

జూన్ 25, బుధవారం

తెల్లవారగానే సుందరమ్మను అక్కడే ఉంచి సూర్యాపేట వచ్చాను. చెప్పులు విప్పకుండానే రూటర్ ముందు కూర్చొని ఆ నియమం తీసేశాను. తీయడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

తర్వాత హిజ్కియా కథ తెరిచాను. ఆరో వచనం. ఆయుష్షు ఇస్తానన్నాడు. నా వేలు ఆని ఆని అక్కడ కాగితం మాసిపోయి ఉంది, ఎప్పుడూ ఆగే చోటు. ఏడోది తెల్లగా ఉంది. చదివాను. ప్రవక్త అంజూరపు పళ్ళ ముద్ద తెమ్మన్నాడు. తెచ్చి రాజు పుండు మీద కట్టారు. అప్పుడు బాగుపడ్డాడు.

మందు! స్వస్థపరుస్తానని దేవుడే మాట ఇచ్చాక కూడా ప్రవక్త మందు కట్టించాడు. ఆ మాట అక్కడే ఉంది. నా పెట్టె చంద్రమ్మకు ఏం చేసిందో, నేను ఈ వచనానికి ఇన్నాళ్ళూ అదే చేశాను.

ఎల్లయ్యకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పొలంలో ఉన్నాడేమో. అతను కాక ఇంకెవరెవరు మానేశారో నాకు తెలియదు. ఆదివారం అందరి ముందూ నెమ్మదిగా చెబుదామని ఒక ఆలోచన వచ్చింది. మంచి వాక్యం వెతికి, పద్ధతిగా, నా మర్యాద పోకుండా. ఆ ఆలోచన కూడా డ్రాపే. ఆదివారం దాకా ఎల్లయ్య ఉంటాడని నాకెవరు చెప్పారు?

లైవ్ ఇప్పుడే పెడుతున్నాను. పెట్టి, అటు నుంచి అటే నడిగూడెం పోతాను. గొంతు తడబడితే చూసి చదవడానికి చెప్పబోయేది ఇక్కడ రాసుకుంటున్నాను:

వందనాలు. నేను ముత్తయ్యను. ఈరోజు పాట లేదు, ప్రార్థన తర్వాత. మొన్న మాత్రల గురించి నేను చెప్పింది తప్పు. వాక్యం తప్పు కాదు, నేను సగం చదివాను. నా మాట విని చంద్రమ్మ దవాఖానలో ఉంది. ఎవరి ఇంట్లోకి ఏమొస్తోందని మిమ్మల్ని అడిగాను కదా, నా మాటే వచ్చింది మీ ఇళ్ళలోకి. దాన్ని బయటికి తోలండి.

ఎల్లయ్యా, వింటున్నావా? ఎల్లయ్య ఇంటి పక్కవాళ్ళు ఎవరైనా వింటున్నారా? పరుగెత్తి పోయి చెప్పండి, నేను బయలుదేరాను, నేను వచ్చేదాకా ఆగొద్దని చెప్పండి. మాత్రలు మానినవాళ్ళు ఎవరున్నా సరే, ఆదివారం దాకా ఆగకండి, పొద్దు గూకేదాకా ఆగకండి. పాత మందుల చీటీ పట్టుకొని ఇవాళే దవాఖానకు పోండి. కాలికి గుడ్డ కట్టుకున్నవాళ్ళు ఆ గుడ్డ ఇప్పుడే విప్పి ఎవరికైనా చూపించండి. ఫోను కలవకపోతే కూర్చోకండి, పక్కింటి తలుపు కొట్టండి. తలుపు కొట్టినవాళ్ళకు పలకండి.

ఎవరూ ఆమెన్ అనొద్దు. లేవండి. ఇప్పుడే లేవండి.